కడిగిన పూత

బసమ్మ వేళ్లకు గంజి సంగతి తెలియదంటే ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఎవరూ నమ్మరు. పడుగు మీద ఒక్కసారి చెయ్యి ఆనించి పలచనైందో, చిక్కనైందో చెప్పేస్తుంది. ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉంది. పసిబిడ్డ ఒంటికైనా, పుండుకైనా కొత్త బట్ట తగలాలంటే దానికున్న గంజంతా పోవాలి, లేకపోతే కొరుకుతుంది. అత్త నేర్పిన పద్ధతి, ముప్పై ఏళ్లుగా తప్పలేదు. చివరికి ఆ పట్టింపే ఆమె కొంప ముంచింది.

భర్త కంబన్నకు షుగరు. గుంట మగ్గంలో పలకలు తొక్కుతుంటే కుడి అరికాలికి ఏదో గుచ్చుకుంది. పని మీద పడి పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి రూపాయి బిళ్లంత పుండయింది. కర్నూలు ఆసుపత్రిలో ఆరాధన అనే డాక్టరమ్మ అప్పుడే ఒక కొత్త వైద్యాన్ని పరీక్షిస్తోంది. దోమతెరలాంటి పలచని బట్టముక్కను పుండులో పరిస్తే, దాన్ని ఆసరా చేసుకుని కొత్త కండ పెరుగుతుందట. ఆ ముక్క తనంతట తానే కరిగిపోతుందట.

"కాలు నిలుస్తాదా అమ్మా? రెండు కాళ్లతో తొక్కకుంటే మగ్గం ఆడదు" అన్నాడు కంబన్న.

"నిలబెట్టాలనే కదా మా పాట్లు" అందామె.

మొదటి ముక్కను నర్సు పరిచి బసమ్మకు నేర్పింది. వారానికొకటి చొప్పున ఆరు పొట్లాలిచ్చి, అంతా శుభ్రంగా ఉండాలని చెప్పి పంపారు.

ఇంట్లో పొట్లం విప్పగానే బసమ్మ వేళ్లు పసిగట్టేశాయి. బట్ట మీద ఏదో పూత ఉంది. కాస్త బిరుసు, కాస్త జిగురు.

"గంజి తియ్యకుండానే పంపినారు సూడు. పాపం, వాళ్లకేం తెల్సు" అని నవ్వింది. నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, ఆ ముక్కను చిరగకుండా మూడుసార్లు జాడించి, నీడన ఆరబెట్టి అప్పుడు కట్టింది. ఆమె శుభ్రతకు వంక పెట్టేవాళ్లెవరు?

"శానా మెత్తగుండాది మే" అన్నాడు కంబన్న.

ఆరు వారాలూ అలాగే కట్టింది. మూడో వారం చూపిస్తే డాక్టరమ్మ నుదురు చిట్లించి, ఇంకొంచెం చూద్దామంది. ఏడో వారానికి పాదం నల్లబడింది. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

మర్నాడు డాక్టరమ్మ బసమ్మను వరండాలో కూర్చోబెట్టింది. "మిగతావాళ్లకు మానుతోంది. ఈయనకెందుకు మానలేదో నాకు అంతుపట్టడం లేదు. ఎట్లా కట్టినావో మొదటి నుంచీ చెప్పమ్మా."

బసమ్మ ఏదీ దాచలేదు. గంజి తీసిన సంగతి కాస్త గొప్పగానే చెప్పింది.

డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"అది గంజి కాదమ్మా. పెప్టైడ్ అని, మందు పూత. కండను పెంచే కణాలు వట్టి బట్టను పట్టుకోవు, ఆ పూతనే పట్టుకుంటాయి." ఆమె కాగితాలు పక్కన పెట్టేసింది. "కడగొద్దని నేను చెప్పి ఉండాల్సింది. ఎవరైనా కడుగుతారని నాకు తోచనే లేదు."

ఆ డాక్టరు పిల్ల తప్పు తన మీద వేసుకుంది గానీ, దాంతో బసమ్మకు ఒరిగిందేముంది? మొగుడి కాలు తన చేతులతో తానే పోగొట్టింది. ఒక్కసారి కాదు, ఆరుసార్లు, నీళ్లు మరగబెట్టి మరీ. నోట్లో కొంగు కుక్కుకుని, గుండె పగిలేలా ఏడ్చింది.

పది రోజులకు ఇల్లు చేరారు. అప్పటిదాకా ఆమె మొగుడికి ఆ మాట చెప్పలేకపోయింది. మర్నాడు ఉదయం కొత్త కట్టుబట్ట విప్పి తెగిన కాలికి ఒక చుట్టు చుట్టగానే కంబన్న పళ్లు బిగించాడు.

"ఈ బట్ట కొరుకుతాంది మే. నీ మాదిరి గంజి తీసి కట్టు. నీ చెయ్యి యాడ, ఆ ఆసుపత్రోళ్ల చెయ్యి యాడ!"

ఇక ఆమె వల్ల కాలేదు. అతని మంచం పక్కన కూలబడి అంతా చెప్పేసింది.

కంబన్న ఖాళీ మగ్గం గుంట వైపు చూశాడు.

"ఆరు తూర్లూ కడిగితివా?"

"ఆరు తూర్లూ."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బసమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. చుట్టు చుట్టుకూ అతని ఒళ్లు ఉలిక్కిపడుతోంది. నొప్పని అతను అనలేదు. బట్టను ఆమె తడపలేదు.