నగారా మాన్యం

జమ్మలమడుగులో టైపు మిషను ముందు కూర్చుంటే షంషుద్దీన్ వేళ్లు వాటంతటవే పరుగెత్తేవి. ఆ వారం మాత్రం లైనుకొక తప్పు పడుతోంది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసి మానుకున్న ముసలి దొరసాని, ఇంగ్లండులో తన పూర్వీకులు ఏలిన ఆల్డర్‌విక్ సంస్థానం చరిత్ర రాసి అతనిచేత టైపు చేయిస్తోంది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట రాజు ఆ దొరలకు భూమి ఇచ్చాడట. బదులుగా యుద్ధమొస్తే పదిమంది గుర్రపు రౌతులను పంపాలి. మూడో దొర పంపలేదు. రాజు భూమి లాగేసుకున్నాడు.

ఆ పేజీ దగ్గర అతని చేతులు ఆగిపోయాయి.

తొండూరు దగ్గర వాళ్లకూ నాలుగెకరాల మాన్యం ఉంది. పాలెగాడి కోటమీద రెండు పూటలా నగారా కొట్టినందుకు పూర్వీకులకు దక్కిన భూమి. పాలెగాడి వంశం ఏనాడో అంతరించింది. తండ్రి వలి బాషా నగారా ముట్టుకోక పదకొండేళ్లయింది. ఇప్పుడు మాన్యాలు రద్దుచేసి పట్టాలిస్తున్నారు. వేరేవాళ్లు దున్నుతుంటే వాళ్లకూ వాటా పోతుంది. గురువారం పులివెందులలో విచారణ.

"సదువుకున్నోడివి, నువ్వే చెప్పల్ల. నగారా ఇప్పటికీ కొడతాండామని, మనమే దున్నుకుంటాండామని చెప్పు" అని తండ్రి కబురంపాడు.

కౌలుకు తీసుకుని దున్నేది ఆదినారాయణ. ఇరవై రెండేళ్లుగా అతనే.

"అమ్మగారూ, దీంట్లో దొరల పేర్లు, వాళ్ల వేటకుక్కల పేర్లు గూడా ఉండాయి. ఆ భూమి దున్నినోళ్ల పేర్లు యాడా లేవే?" అని షంషుద్దీన్ దొరసానిని అడిగాడు.

దొరసాని కళ్లద్దాలు తీసింది. "ఎవరూ రాసిపెట్టలేదు షంషుద్దీన్. నేను వెతకనూ లేదు."

గురువారం పొద్దున పులివెందుల ఆఫీసు వరండాలో షంషుద్దీన్ ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాడు. ఆదినారాయణ మెట్లమీద తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. అతన్ని ఎవరూ లోపలికి పిలవలేదు.

"నగారా కొడుతున్నారా?" అధికారి అడిగాడు.

"లేదు సార్. వినేవాళ్లు లేరు."

"దున్నేదెవరు?"

పక్కనున్న తండ్రివైపు షంషుద్దీన్ చూడలేకపోయాడు. "ఆదినారాయణ, సార్. బయట మెట్లమీద ఉండాడు."

అధికారి అతన్ని పిలిపించి, అందరి మాటలూ రాసుకున్నాడు. మధ్యాహ్నానికి తేల్చేశాడు. వలి బాషాకు రెండెకరాలు, ఆదినారాయణకు రెండెకరాలు.

"నోటితో రెండెకరాలు పారేసినావు కదరా!" అన్నాడు తండ్రి బయటికొచ్చి.

"అబద్ధం చెప్పేకి నోరు రాలేదబ్బా."

"నేనడగలేదు మామా" అన్నాడు ఆదినారాయణ భయపడుతూ.

"నువ్వడగలేదులేప్పా. వీడే ఇచ్చినాడు."

జమ్మలమడుగు బస్సులో తండ్రీ, ఆదినారాయణా ఒకే సీటులో కూర్చున్నారు. ఊరు దాటాక తండ్రి గొంతు వినిపించింది. "ఈ ఏడు ఏమేస్తాండావు?"

"కొర్ర అనుకుంటాండా మామా."

"చెనిక్కాయ ఎయ్యి. పైపక్క నేల శానా బాగుండాది."

సీట్లు ఖాళీగా ఉన్నా షంషుద్దీన్ వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. తొండూరులో వాళ్లిద్దరూ దిగి, చేనిగట్టు గురించి మాట్లాడుకుంటూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. తను చేసింది మంచో చెడో అతనికి తెలియలేదు. ముద్దనూరు దాటినా కూర్చోబుద్ధి కాలేదు.