పదకొండో గీత

పొద్దున్న తొమ్మిదింబావుకి ఎక్కడో సముద్రాల అవతల పెద్ద భూకంపం వచ్చింది. పన్నెండు నిమిషాల తర్వాత దాని అల మా కొండ కిందుగా సాగిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆఫీసులో నా తెర మీద మాత్రం, కొండ చుట్టూ మేం పెట్టిన పదకొండు కంపన యంత్రాల గీతలు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డాయి.

పది పైకి లేచాయి. పదకొండోది, బడి దగ్గరి యంత్రం గీత, కిందికి దిగింది.

టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అంత దూరం నుంచి వచ్చే అలకి మా కొండంతా కలిపి ఒక చుక్క. పదకొండు చోట్లా నేల ఒకే వైపు కదలాలి. ఆ ఒక్క చోటికి ఏం మాయరోగం?

ఆ సంగతి మధ్యాహ్నం మూడింటిలోగా తేలాలి. మూడింటికి సొరంగం ఇంజనీరు వస్తున్నాడు. కొండ లోపలి రాయిని ఏ దిక్కు ఒత్తిడి ఎక్కువ నొక్కుతోందో, సొరంగం ఆ దిక్కుగానే సాగాలి. అడ్డంగా తవ్వితే గోడల రాళ్ళు పేలి, లోపల పనిచేసేవాళ్ళ మీద పడతాయి.

ఆ దిక్కు కోసమే రెండేళ్ళుగా మనిషికి తెలియని చిన్న చిన్న కంపాలు నలభై ఒకటి పోగేశాను. లోపల రాయి జారినప్పుడు కొన్ని వైపులకి నెడుతుంది, కొన్ని వైపుల నుంచి లాక్కుంటుంది. నెట్టిన చోట గీత మొదట పైకి లేస్తుంది, లాగిన చోట కిందికి దిగుతుంది. ఎక్కడ పైకి, ఎక్కడ కిందికి అన్నీ కలిపి చూస్తే ఒత్తిడి దిక్కు బయటపడాలి. నాకేమో సగానికి పైగా కంపాలు తలో దిక్కు చూపించి ప్రాణం తీస్తున్నాయి. "తేలకపోతే పాత పటమే ఇచ్చేద్దామమ్మా" అన్నారు డైరెక్టరుగారు. పాత పటం ముప్ఫై ఏళ్ళ కిందట పక్క కొండల్ని చూసి గీసింది.

మరిదికి ఫోన్ చేశాను. చెల్లెలి మొగుడు, మా ఆఫీసులోనే యంత్రాలు చూస్తాడు. అందరూ తీగల డాక్టరంటారు. ఆ పిలుపుకి కాస్త పొంగుతాడు కూడా.

"బడి సామాన్ల గదిలో యంత్రానికి ఈమధ్య ఏం చేశావు?"

"మార్చిలో ఎలక కేబుల్ కొరికితే కొత్తది వేశాను. ఏంటి వదినా, పొద్దున్నే నామీద పడ్డారు? మీ చెల్లెలేమన్నా చెప్పిందా?"

"దాని గొడవ తర్వాత. తీగలు తారుమారు చేశావేమోనని."

"నేనా! కళ్ళు మూసుకుని కలుపుతాను నేను."

"అలాగే కలిపినట్టున్నావు. వెళ్ళి కళ్ళు తెరిచి చూడు."

ఠక్కున పెట్టేశాడు. నేను పాత రికార్డులు తిరగేశాను. జనవరిలో దూరపు భూకంపం ఒకటి దొరికింది: పదకొండూ పైకే. మేలో ఇంకొకటి: పది పైకి, ఒకటి కిందికి. మధ్యలో మరిది మరమ్మతు, మార్చి పన్నెండు. చిన్న కంపాల్లో పైకీ కిందికీ కలగలిసే ఉంటాయి కాబట్టి, ఇన్నాళ్ళూ ఈ అబద్ధం మా కంటపడలేదు.

ఆ తేదీ తర్వాతి కంపాలు ఇరవయ్యారు. వాటిలో బడి గీత ఒక్కదాన్నే తిరగేసి లెక్క మళ్ళీ నడిపించాను. అది నడుస్తుండగానే ఫోన్ మోగింది.

"వదినా..." గొంతు చిన్నబోయి ఉంది. "పాత కేబుల్‌లో ఎర్ర తీగ ప్లస్సుది. కొత్తదాన్లో ఎర్రది మైనస్సుది. రంగు చూసి కలిపేశాను. కాగితం చూడలేదు."

"ఫోటో తియ్యి. ముట్టుకోకు! మనకి అదే సాక్ష్యం."

"ఒక్క నిమిషంలో సరిచేసేస్తాను కదా."

"ముట్టుకున్నావంటే చెల్లెలికి కాదు, మా అమ్మకి చెప్తాను."

"అమ్మో, వద్దు" అన్నాడు.

తెర మీద బాణాలు ఒక్కొక్కటే మొలిచాయి. ఈశాన్యం. మళ్ళీ ఈశాన్యం. నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది అటే తిరిగాయి. నేను వేసిన కేకకి డైరెక్టరుగారు అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చి, "ఎవరికేమైంది?" అన్నారు. తెర చూపించాను. ఆయన కూడా ఎంగిలిచెయ్యి గాల్లో పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

మూడింటికి వచ్చిన ఇంజనీరు మాత్రం మూడు నిమిషాల్లో మా గాలి తీసేశాడు. "మీ చేత్తో మీరే తిరగేసి, ఇప్పుడు కుదిరిందంటున్నారు. కుదిరేదాకా తిరగేశారని నేనంటే?"

అడగాల్సిన మాటే. దూరపు భూకంపాలు మూడూ ఆయన ముందు పరిచాను. అప్పుడే మరిది తల నిండా బూజుతో లోపలికొచ్చి, ఫోటో బల్ల మీద పెట్టాడు.

డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "కేబుల్ లోపమని రాద్దామా?"

మరిది ఒక్క క్షణం నావైపు చూశాడు. అలా రాస్తే గీత ఎప్పుడు, ఎలా తిరగబడిందో తేలదు, ఇంజనీరు నమ్మడు. ఉన్నది రాస్తే తీగల డాక్టరు పరువు రిపోర్టుకెక్కుతుంది.

"కేబుల్ బాగానే ఉందండీ" అన్నాడు. "రాసుకోండి వదినా. మార్చి పన్నెండున బడి యంత్రం తీగలు తారుమారుగా కలిపింది నేను. రంగు చూసి కలిపాను, కాగితం చూడలేదు. ఇవాళ్టిదాకా ఎవరూ ముట్టుకోలేదు. కింద నా సంతకం పెడతాను."

చెప్పింది చెప్పినట్టు రాశాను. ఇంజనీరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు, ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాడు, పటం మీద కొలబద్ద వేశాడు.

"పాత పటం నమ్ముకుంటే ముప్ఫై అయిదు డిగ్రీలు తప్పుగా వెళ్ళేవాళ్ళం" అని ఫోన్ తీశాడు. "హలో, రేపు పని మొదలుపెట్టొద్దు. మనం వేరే వైపు నుంచి తవ్వాలి."