అత్త ఖాతాలో కోడలి వేలు

ఎన్నిసార్లు వేలు పెట్టినా మిషన్ ఒకే జవాబు చెప్పింది.

"నీకు వితంతు పింఛను రాదమ్మా" అన్నాడు సేవాకేంద్రం ఆపరేటరు, తెర మీంచి చూపు తిప్పకుండానే. "నువ్వు ఇప్పటికే ముసలివాళ్ళ పింఛను తీసుకుంటున్నావు. డెబ్బై రెండేళ్ళట నీకు!"

క్యూలో వాళ్ళు పగలబడి నవ్వారు. "వయసు భలే దాచావే!" అన్నారెవరో. ఇటుకల మోతకు సెలవు పెట్టి, కూలి పోగొట్టుకుని వచ్చిందామె. ఏడో నెల కడుపు. ఇంకొన్నాళ్ళు పోతే ఇటుక ఎత్తలేదు. ఆ పింఛనొక్కటే దిక్కు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు తెలుసు. ఇక డబ్బంతా నేరుగా ఖాతాల్లోకే, మధ్యలో మింగేవాడే ఉండడని మైకులో ఊదరగొట్టిన ఏడాది వీధిలో వేలిముద్రలు తీసుకున్నారు. అత్త బతుకంతా గోడలకు సున్నం కొట్టిన మనిషి. ఆ సున్నం వేళ్ళ మీది గీతల్ని తినేసింది. "ఇంట్లో ఎవరిదో ఒకరిది పెట్టండి, సాయంత్రానికి నాకీ వీధి పూర్తవాలి" అని విసుక్కున్నాడు వచ్చినవాడు. కొత్తకోడలు సిగ్గుపడుతూ తన వేళ్ళిచ్చింది. తనది తర్వాత రాయించుకోవచ్చనుకుంది.

మొగుడు పరంజా మీంచి పడి చనిపోయాక మరిది ఆమె పక్కబట్టలు వీధిలో పడేశాడు. అయినా నెల తిరిగేసరికి వెతుక్కుంటూ వచ్చి వేలు పెట్టించుకుపోతాడు. మింగేవాడు దారిలో లేడు, నిజమే. ఇంట్లో ఉన్నాడు.

"ఆ పింఛను మా అత్తది బాబూ. వేలే నాది. సరిచెయ్యండి."

"అంటే ఇన్నాళ్ళూ దొంగ వేలు పెట్టావన్నమాట! ఇది పైకి రాస్తే ఆవిడ పింఛను ఆగిపోతుంది, తీసిందంతా నీ దగ్గర కక్కిస్తారు. నోరుమూసుకుని వెళ్ళు."

"మరి నేను బతికేదెట్లా?"

"సిస్టంలో నువ్వు లేవమ్మా. లేనివాళ్ళ సంగతి నన్నడిగితే?"

అంతలో మరిది తల్లిని నడిపించుకుంటూ వచ్చాడు. "ఇక్కడే ఉన్నావా వదినా? వెతికే పని తప్పింది. వేలు పెట్టు."

"సగం నాకిస్తే పెడతా."

"సగమా? నువ్వు మా ఇంటి మనిషివేంటి?"

"కానప్పుడు నా వేలెందుకు?"

అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పెట్టవే తల్లీ. ఆ డబ్బు రాకపోతే వీడు నాకు ముద్ద పెట్టడే."

అత్త అబద్ధం చెప్పడం లేదని కోడలికి తెలుసు. "నా పక్కబట్టలు పారేస్తుంటే గుమ్మంలోనే కూర్చున్నావు కదత్తా" అంది మెల్లగా. "ఒక్క మాటన్నావా?"

ముసలామె ఆమె మోచెయ్యి వదిలేసింది.

"రాయండి బాబూ" అంది కోడలు ఆపరేటరుతో. "వేలు నాదని రాయండి. కక్కించడానికి నా దగ్గరేముందో వచ్చి చూసుకోమనండి."

మరిది ఆమె చెయ్యి లాగి మిషన్ మీదికి వంచాడు. ఆమె పిడికిలి బిగించింది. మణికట్టు విరుగుతుందేమో అనిపించింది గానీ వేళ్ళు విప్పలేదు. క్యూలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అడ్డం కూడా రాలేదు.

అత్త తన బొటనవేలిని కొంగుతో తుడుచుకుని మిషన్ మీద పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ తుడుచుకుంది, మరింత గట్టిగా, చర్మం ఊడొచ్చేలా.

"తర్వాతెవరు?" అని కేకేశాడు ఆపరేటరు.