నేను తిరిగిన గుమ్మాలు

నేను ఒక కుంకుమ భరిణెను. ముందుగా మా అక్క సంగతి చెప్పుకోవాలి. అక్కంటే పన్నీరుబుడ్డి. ఇద్దరం ఒకే కొలిమిలో పుట్టాం, ఒకే అలమారలో ఉంటాం. ఏడాదికో పెళ్ళికి వెళ్ళి నాలుగు చుక్కలు చల్లి వస్తుంది, వచ్చే పెళ్ళిదాకా నడుంనొప్పి అంటుంది. వీధులు తిరిగి అరిగిపోయింది నేను. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకునేది మాత్రం దాని పొడుగాటి మెడని.

అజ్జరంలో ఒక ఇత్తడి పనివాడు నన్ను పోతపోసి, మూతమీద నెమలిని కూర్చోబెట్టాడు. నెమలని ఆయన అనుకున్నాడు. కోడిపెట్ట అని కొన్నవాళ్ళు అనుకున్నారు. కొన్నది తణుకులో మాణిక్యాంబగారు.

ఆవిడ నోములకే కాదు, వీధిలో ఏ పనికైనా నన్ను పట్టుకునే బయల్దేరేవారు. టీకాలు వేసే నర్సమ్మ వచ్చినా, ఆడవాళ్ళకి బడిలో చదువు చెప్పించినా, గడపగడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేవారు. సూదంటే హడలిపోయే తల్లులు కూడా, బొట్టు పెట్టించుకున్నాక రాకపోతే బాగుండదని పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. టీకా మహిమ ఎంతో నాకు తెలియదుగానీ మొహమాటం మహిమ మాత్రం కళ్ళారా చూశాను.

ఆవిడ తరవాత కోడలు హైమవతి చేతికి వచ్చాను. హైమకి ఎదురింటి రత్నావళి అంటే ప్రాణం. పిలుపులకి జంటగా బయల్దేరేవారు. హైమ చేతిలో నేను, రత్నావళి చేతిలో పసుపు గిన్నె. ఎప్పుడూ రత్నావళి గుమ్మంతోనే మొదలు. నాలుగిళ్ళు పిలవడానికి సాయంత్రమంతా పట్టేది. ఒకచోట కాఫీ, ఒకచోట కొత్త ఆవకాయ రుచి, ఒకచోట ముందుగదిలో కోడలిమీద ఫిర్యాదు, అదే ఇంటి వంటగదిలో అత్తగారిమీద ఫిర్యాదు. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ తిరుగుడులోనే తెలిసిపోయేది. చీకటిపడేలోగా ఆ ఇంటికి చారన్నం వెళ్ళిపోయేది.

తరవాత ఫోన్లొచ్చాయి. హైమ ‘మన వీధి మహిళలు’ అని వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఊగే దీపం బొమ్మతో పిలుపు పంపితే, కాఫీ చల్లారేలోగా వీధి వీధంతా ఎర్రటి గుండె బొమ్మలు పెట్టేసేది. నేను అలమారలో అక్క పక్కన చేరాను. అక్క సంతోషించింది.

ఆ రోజుల్లోనే రత్నావళి భర్త పోయాడు. ఇక ఆ గుమ్మంలోకి నన్ను పట్టుకుని ఎలా వెళ్ళాలో హైమకి తెలియలేదు. బొట్టు పెడితే ఊరేమంటుందో, పెట్టకుండా వస్తే రత్నావళి ఏమనుకుంటుందో. గ్రూపు ఉంది కదా, అందరితోపాటు ఆమెకీ కబురు అందుతుంది అనుకుంది. పొద్దున్నే ఇటునుంచి పువ్వుల బొమ్మ వెళ్ళేది, అటునుంచి గుండె వచ్చేది. మధ్యలో ఉన్నది ఒక సిమెంటు రోడ్డు. దాన్ని మాత్రం ఎవరూ దాటలేదు.

ఈ వేసవిలో హైమ ఒక కంటి డాక్టరుగారిని బతిమాలి, వీధి చివరి బడిలో ఉచితంగా పరీక్షలు పెట్టించింది. రత్నావళి అద్దాలు సరిపోవడం లేదంటోందని ఎవరో అనగా విని, ఆమె కోసమే తలపెట్టిన పని అది. గ్రూపులో పెట్టగానే గుండెలే గుండెలు. మొదటిది రత్నావళిదే. ఆదివారం డాక్టరుగారు కుర్చీలో కూర్చుని పేపరు మొత్తం చదివేశారు. వచ్చినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. రత్నావళి రాలేదు. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి వస్తాను, అప్పుడూ ఇంతే అయితే ఇక కుదరదని ఆయన మర్యాదగానే చెప్పి వెళ్ళారు.

హైమ ఇంటికొచ్చి కుతకుతలాడింది. గుండె పెట్టి మనిషి రాకపోవడమేమిటని రత్నావళిని మా అలమారకి వినిపించేలా తిట్టింది. తిడుతూనే తలుపు తీసి నన్ను బయటికి లాగింది. అత్తగారి పద్ధతే నయం, ఎదురిల్లొకటి వదిలేసి వీధంతా పిలుస్తానంది. చింతపండుతో నన్ను తోమిన తోముడులో ఆ కోపమంతా ఉంది.

వీధిలోకి దిగాక కాళ్ళు పాత అలవాటు ప్రకారం ఎదురింటికే వెళ్ళాయి. వరండాలో రత్నావళి బియ్యం ఏరుతోంది. కళ్ళతో కాదు, వేళ్ళతో. గేటు చప్పుడుకి తలెత్తి, “ఎవరండీ?” అంది.

హైమ గేటు పట్టుకుని నిలబడిపోయింది.

“నేనేనే, హైమని. పరీక్షలకి ఎందుకు రాలేదు? గుండె కూడా పెట్టావుగా.”

“ఏం పరీక్షలు?” అంది రత్నావళి. “అక్షరాలు అలుక్కుపోయి చాన్నాళ్ళయింది. ఫోను టింగుమంటే నువ్వేననుకుని నొక్కేస్తున్నా. ఎక్కడ నొక్కాలో మా కోడలు నేర్పింది. నొక్కకపోతే నువ్వు బాధపడతావని.”

ఆమధ్య గ్రూపులో మూడో ఇంటి పెద్దాయన పోయారన్న కబురుకి ఆమె గుండె ఎందుకు పెట్టిందో నాకప్పుడు అర్థమైంది. చూపు ఆననివాళ్ళని చూపు పరీక్షకి అక్షరాలతో పిలిచారన్నమాట. ఇత్తడిదాన్ని కదా, నాకు నవ్వొచ్చింది. హైమకి రాలేదు. మెట్లెక్కి పక్కన కూలబడి నా మూత తీసింది. ఆ కిర్రుమన్న చప్పుడు పోల్చుకుని రత్నావళి తల వెనక్కి లాక్కుంది.

“నాకెందుకే ఇప్పుడు. ఊరేమంటుంది?”

హైమ ఆమె గడ్డం పట్టుకుని బొట్టు పెట్టింది. అది కొంచెం పక్కకి పోయింది. రత్నావళి తుడుచుకోలేదు.

“ఇన్నాళ్ళూ రానిది ఇందుకేనా?” అని అడిగింది మెల్లగా.

కాదనడానికి ఫోను నడుం దగ్గర సిద్ధంగానే ఉంది. గ్రూపు, పనులు, తీరిక లేకపోవడం, ఏదైనా చెప్పొచ్చు. హైమ నా మూత మూసి, దానిమీది కోడిపెట్ట వంక చూసింది.

“ఇందుకే. తప్పు నాదే రత్నా,” అంది. “లే, పసుపు గిన్నె తెచ్చుకో. ఇంకా వీధంతా పిలవాలి.”