కొలతలు తీసుకున్న జామకాయలు

తోటలో తొమ్మిది జామచెట్లు, ఒక రంపం. రంపం ఇంకా మోగలేదు. దాన్ని మోసుకొచ్చిన మనిషి మొదటి చెట్టు మొదట్లో కూర్చుని, పెట్రోలు మూత బిగిస్తూ వదినగారి నోటివంకే చూస్తున్నాడు. ఆమె ‘ఊ’ అంటే చెట్టు పోతుంది, ‘ఊహూ’ అంటే ఉంటుంది. చావుకీ బతుక్కీ మధ్య ఒక్క ‘హూ’ తేడా.

చెట్లు పెంచినవాడు ఆమె మరిది, టైలరు. చూపు మందగించి సూదిలోకి దారం ఎక్కని రోజున కొట్టు మూసేసి, అన్న పోయాక వదిన పేరు మీదికొచ్చిన ఈ స్థలంలో మొక్కలు నాటాడు. పొద్దున లేస్తే వెళ్లడానికి అతనికి మిగిలిన చోటు ఇదొక్కటే. ఇదీ పోతే ఇక ఇంట్లో కుర్చీ, కుర్చీలో తను.

వరసగా రెండు కాపులు పురుగులపాలయ్యాయి. పండు మనది, పండగ పురుగుది. పక్కనే వదినగారి మామిడితోటలో కాయ ముదురుతోంది. జామలో పుట్టిన ఈగ మామిడి మీదికి పోవడానికి గోడ అడ్డమా, గొడవ అడ్డమా? “ఈ కాపులో పురుగు కనిపిస్తే చెట్లు కొట్టించేస్తా” అని ముందే చెప్పింది. చెప్పినట్టే వచ్చింది.

టైలరు మాత్రం ధీమాగా ఉన్నాడు. ఈసారి ప్రతి కాయకీ గుడ్డసంచి తొడిగాడు మరి. భార్య దారం ఎక్కించి ఇస్తే, పాత చొక్కాముక్కలతో రెండు వరసల కుట్టు వేసి, మూతికి నాడా కట్టాడు. ఒక్కో కాయకీ టేపు చుట్టి కొలత తీసి మరీ కుట్టాడు. ఎక్కడా ముడత లేదు, వదులు లేదు. కాయలన్నీ ఫొటోకి నిలబడినట్టున్నాయి.

“మరిదీ, కాయలకి చొక్కాలు తొడిగావు సరే, బొత్తాలేవయ్యా?” అంది వదిన.

“బొత్తాలు పెడితే విప్పుకుని తిరుగుతాయని పెట్టలేదు వదినా.”

ఎవరూ నవ్వలేదు. రంపం మనిషి నవ్వబోయి, వదినగారి మొహం చూసి దగ్గులోకి దింపేశాడు.

ఆమె అందిన కాయ తెంపి, పళ్లెంలో పెట్టి, సంచి ఊడదీసి కత్తి దింపింది. కాయ రెండు చెక్కలైంది. గుజ్జు ఉండాల్సిన చోట బియ్యపుగింజల్లాంటి తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

టైలరు మొహాన నెత్తురుచుక్క లేదు. “ఎలా దూరాయి? చీమకి కూడా సందు లేదే! రెండు వరసల కుట్టు వదినా!”

వదిన కాయ తొక్కని అతని కళ్ల దగ్గర పెట్టింది. సూదిమొన గుచ్చినట్టు చిన్న నల్లమచ్చ.

“సంచి ఎప్పుడు తొడిగావు?”

“కాయ పూర్తిగా ఊరాక. పెరిగే కాయకి కొలతలేం తీస్తాం? పెరిగే పిల్లాడి చొక్కా ఇట్టే బిగుతైపోదూ?”

“అయ్యో నా తండ్రీ! నువ్వు టేపుతో వచ్చేలోపే ఈగ సూదితో వచ్చి వెళ్లింది. తొక్క కింద గుడ్లు పెట్టేసింది. నువ్వు కుట్టకముందే అది కుట్టింది. దొంగ లోపలికెళ్లాక తలుపేసి, కాపలా కాశావు!”

“పిందె మీదే తొడగండని నేను మొత్తుకున్నా అక్కా,” అంది టైలరు భార్య. “వదులుగా ఉంటే నలుగురూ నవ్వుతారన్నారు. కాయని చూసి ఎవరు నవ్వుతారండీ, మిమ్మల్ని చూసి గానీ!”

రెండో కాయ. పురుగే. మూడోది కూడా పురుగే. వదిన రంపం మనిషికేసి తల ఊపింది. రంపం గుర్రుమంది. టైలరు చెట్టుకి అడ్డంగా వెళ్లలేదు, బతిమాలలేదు. ఆ చొక్కాముక్కలవంక చూస్తూ నిలబడిపోయాడు.

వదిన ఇంకో సంచి నాడా పట్టుకుంది.

“విప్పకక్కా!”

ఆ అరుపుకి రంపం కూడా ఆగింది. టైలరు భార్య ఇందాక విప్పిన సంచిని పళ్లెం మీద తిరగేసి పట్టుకుంది. అడుగు కుట్టు మడతలో గోధుమరంగు గింజలు నాలుగైదు ఉన్నాయి.

“పురుగు కడుపునిండా తిన్నాక కిందికి దూకి మట్టిలో దూరుతుంది, అక్కడ ఇలా గింజలా బిగుసుకుని ఈగై లేస్తుంది అని నువ్వేగా చెప్పావు? ఇవీ దూకాయి. మట్టి దొరకలేదు, సంచిలోనే చతికిలబడ్డాయి. మొత్తం సైన్యం లోపలే ఉందక్కా! ఇప్పుడు చెట్టు కూలిస్తే సంచులు చిరిగి, అన్నీ కలిసి నీ మామిడితోటకి విహారానికొస్తాయి.”

వదిన కత్తిమొనతో చెట్టుకింద మట్టి నాలుగుచోట్ల పెళ్లగించి చూసింది. ఏమీ లేదు. కత్తి తుడిచి పళ్లెంలో పెట్టింది.

“ఒక్క సంచీ విప్పకుండా, చిరగకుండా అన్నీ కోసి మరిగే నీళ్లలో వెయ్యండి. ఒక్క పురుగు మట్టిని తాకినా రంపం మోగుతుంది.”

డ్రమ్ము పొయ్యెక్కింది. టైలరు నిచ్చెనెక్కాడు. మురిగిన కాయల రసానికి గుడ్డ నాని, దారం మెత్తబడింది. అతని కళ్లకి కుట్లు ఆనడం లేదు. బొటనవేలితో ఒక్కో కుట్టూ తడిమి, గట్టిగా ఉందనుకున్నాకే కాయ తెంపుతున్నాడు. భార్య కింద బకెట్ పట్టుకుని, డ్రమ్ముకీ చెట్టుకీ మధ్య పరుగెడుతోంది. చెట్టు తర్వాత చెట్టు ఖాళీ అవుతున్నకొద్దీ ఒక్కో కుట్టూ రెండేసి సార్లు తడుముతున్నాడు.

చివరి చెట్టు, పైకొమ్మ. భార్య డ్రమ్ము దగ్గరుంది. టైలరు సంచిని అరచేతిలోకి తీసుకోగానే అడుగు కుట్టు పుటుక్కున తెగింది.

“వదినా!”

వదిన కిందే ఉంది. రెండు చేతులూ దోసిలి పట్టింది. గుజ్జూ పురుగులూ కలిసి చప్పుడుతో వచ్చి పడ్డాయి. తెల్లటివి ఎగిరెగిరి మణికట్టు మీదికి దూకుతున్నాయి. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని కేక పెట్టింది గానీ, దోసిలి మాత్రం విడవలేదు.

“డ్రమ్మెక్కడే? త్వరగా చెప్పవే! నేను కళ్లు తెరవను!”

“ఇటక్కా, ఇటు... నిదానం... వేడి తగులుతోందా? ఇక వంపెయ్!”

వంపేసింది. టైలరు నిచ్చెన దిగి మోకాళ్ల మీద కూలబడ్డాడు. చూపు ఆననందుకు అరచేత్తో మట్టి అంతా తడుముతున్నాడు. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి, అతని పక్కనే వంగి, ఆకు ఆకు తిరగేసి చూసింది. ఏమీ దొరకలేదు. మళ్లీ చూసింది.

“వచ్చే కాపుకి నిమ్మకాయంత ఉండగానే సంచి తొడగాలి.”

“వదులుగా వేలాడుతుంది వదినా.”

“వేలాడనీ.”

రంపం మనిషి లేచాడు. “అమ్మగారూ, మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఆ ఎండుకొమ్మలు కోసి పొయ్యిలో పెట్టు,” అంది వదిన. “నీళ్లు చల్లారిపోతున్నాయి.”