మూతగుర్తు బిస్కెట్లు

జొన్నపిండి ముద్దను పీటమీద పరిచి, స్టీలుగ్లాసుతో గుండ్రంగా కోసి, ఒక్కోదాని నడుమ సీసా రేకుమూత ఒత్తుతోంది మల్లక్క. బట్టీ రేకులకు కాలి, బెల్లంపాకానికి కాలి ఆమె వేళ్లు కణుపుల దగ్గర కాయలు కాచాయి. మోకాలు ముడుచుకోదు కాబట్టి ఒక కాలు బారచాపుకునే పనంతా. మూత ఎత్తి చూసి నొసలు చిట్లించింది. దాని పళ్లన్నీ అరిగిపోయాయి. అచ్చు పడీపడనట్టు పడుతోంది.

"తుప్పు పట్టిపాయ ఇది," అని గొణిగింది. "నిన్న బట్టీకాడ మనవీ భీమక్కవీ కలిసిపాయ. దాసన్న తల పట్టుకున్యాడు."

ఎదనొప్పితో మూటల పని మానేసి వాకిట్లో మంచం మీదే ఉంటున్న మొగుడు రామలింగప్ప ఆమె చేతిలోని మూత వంక చూశాడు.

పత్తికొండలో ఆ వీధి ఆడవాళ్లంతా ఇంట్లో పిండి కలుపుకొని, దాసన్న తన బట్టీలో రొట్టెలు కాల్చుకున్నాక మిగిలిన వేడికి తమ బిస్కెట్లు కాల్పించుకుంటారు. ఎవరివి ఎవరివో తెలియాలని ఇంటికో గుర్తు. ఒకరు తాళంచెవి ఒత్తుతారు, ఒకరు ఉంగరం. మల్లక్కది బీరుసీసా మూత. అదేం గుర్తమ్మా అని అడిగే ధైర్యం ఎవరికుంది!

రామలింగప్ప టమాటా మార్కెట్లో హమాలీ. బాగా మోసేవాడు, బాగా తాగేవాడు. ఏళ్ల కిందట చంటిబిడ్డకు జ్వరమొస్తే మందు తెమ్మని పంపింది. ఆయన బీరు తాగి తెల్లారి వచ్చాడు. బిడ్డ దక్కలేదు. మట్టి చేసి వచ్చి, జేబులోని మూత ఆమె చేతిలో పెట్టి "ఇదే కడది మే, పోయిన బిడ్డ మీద ఒట్టు" అన్నాడు. ఆ మాట తప్పలేదు, మళ్లీ చుక్క ముట్టలేదు, నిజం చెప్పాలి. ఆమె మాత్రం మూతను పారెయ్యలేదు. ఆయన కళ్లముందే రోజూ ఒత్తింది. ఒత్తినప్పుడల్లా కడుపుమంట కాస్త చల్లారేది, కాస్త మిగిలేది. పోనీలే అని ఆమె ఏనాడూ అనలేదు. ఆయనా అడగలేదు.

పొద్దెక్కాక ఆమె తమ్ముడి కొడుకు శివకుమార్ బెంగళూరు నుంచి దిగాడు. అక్కడేదో హోటల్లో పని. వచ్చినప్పుడల్లా బిస్కెట్లు డబ్బాలకు నింపుకుపోయేది వాడే. ఈసారి సంచిలోంచి రెండు సీసాలు తీసి మంచంమీద పెట్టాడు.

"అత్తా, మా హోటలోళ్లు సొంతంగా చేసే సరుకు ఇది. ఇది బీరు, ఇది ఆపిల్ పండ్లు పులియబెట్టింది. నీ వాము బిస్కెట్టు బీరుకు, బెల్లం బిస్కెట్టు దీనికి. జోడీ శానా బాగుండాదని ఎగబడి తింటాండారు. ఆ మూతగుర్తు చూసి, బీరు కోసమే చేసినారనుకుంటాండారు!"

మల్లక్క చేతిలోని గ్లాసును పీటమీదికి విసిరికొట్టింది. ఇన్నాళ్లూ ఎవరో పిల్లలు తింటారనుకుంది. బిడ్డను మింగిన ఆ మాయదారి దానికి, నంజుకోవడానికి తనే చేసి పంపుతోందా!

"నీ నోట్లో మన్ను పడ! ఎవురింటికి తెచ్చినావో తెలుసునా నీకు?"

వాడు బిత్తరపోయాడు. వాడు పుట్టకముందు సంగతి వాడికేం తెలుసు, పాపం! బజారుకు పోయొస్తానని జారుకున్నాడు. సీసాలు అక్కడే ఉండిపోయాయి. వాటిని తీసి పారేద్దామన్నా మల్లక్కకు చేతులు రాలేదు. రామలింగప్ప వాటి వంకే చూస్తున్నాడు. ఆమె రేకుల్లో బిస్కెట్లు సర్దుతూ ఆయన వైపు తిరిగింది.

"ముట్టుకున్యావంటే నేను మళ్లా ఈ గడప తొక్కను."

"పోయిరా మే. బట్టీ చల్లారతాది," అన్నాడాయన.

మిగిలిన పిండిముద్దను పీటమీదే వదిలి, రేకులు నెత్తిన పెట్టుకుని వెళ్లింది. బట్టీ దగ్గర ఉన్నా మనసంతా ఇంటి దగ్గరే ఉంది. కాలీకాలకముందే రేకులు లాగించుకుని వచ్చేసింది.

వచ్చి చూస్తే ఆపిల్ సీసా ఖాళీగా నేలమీద దొర్లుతోంది. ఆయన గోడకు ఒరిగి కళ్లు మూసుకున్నాడు.

"తాగితివా!" రేకులు కిందపడేసి భుజం పట్టి కుదిపింది. "బిడ్డ మీద ఒట్టు ఇట్ల గంగలో కలిపితివా!"

తల పక్కకు వాలిపోయింది. ఊపిరి లేదు, ఒళ్లు చల్లబడింది.

మల్లక్కకు ఏడుపు రాలేదు. వంగి నోటి దగ్గర వాసన చూసింది. వక్కాకు వాసన, అంతే. తలెత్తి చూసింది. కరివేపాకు చెట్టు మొదట్లో మట్టి తడిసి, తీపికి చీమలు మూగాయి. ఆయన పక్కన చిన్న గుండ్రాయి ఉంది. పిడికిలి విప్పితే శుభ్రంగా కడిగిన కొత్త మూత. సీసా తెరిచినప్పుడు వంగిన అంచును ఆ రాయితో తట్టి సరిచేశాడు.

"ఓరి నా మొగుడా! నా కోపం ఎప్పుడో పాయ కదయ్యా, నీకు చెప్పకపోతినే!" అని అప్పుడు ఘొల్లుమంది.

పీటమీద ఆమె వదిలిపోయిన పిండిముద్ద నడుమ, పళ్లన్నీ తేటగా లేచిన కొత్త అచ్చు ఒకటి పడివుంది.