గౌరి మెడలో గంట

బేతమంగళం చెరువు నిండి, అలుగు దాటి కోడి పోయి, పాలారు మా ఊరి రోడ్డును ఎత్తుకొని పోయిన సంవత్సరం అది. రోడ్డు పక్కన పూడ్చిన ఇంటర్నెట్ కేబులు కూడా చితికిపోయింది. దాని లోపల వెంట్రుకంత సన్నని గాజు తీగలు ఉంటాయంట. అన్నీ తెగి ఒకటే మిగిలింది. కంపెనీవాళ్ళు వచ్చి ఆ ఒక్కదాన్ని ఊర్లో డబ్బాకు తగిలించి, మిగతావి తరవాత అని పోయినారు.

ఒక తీగ అంటే ఒక టైముకు ఒక ఇల్లే. ఎవరికి కావాలో వాళ్ళ ఇంటి వైరు డబ్బాలో గుచ్చాల. పని అయినాక పీకి ఇంగొకరిది గుచ్చాల. డబ్బా సొన్నప్ప గోడకు ఉండాది కాబట్టి ఆ పని ఆయనకే పడింది.

సొన్నప్ప బంగారు గనులు మూసేదాకా కేజీఎఫ్‌లో వైండింగ్ ఇంజను నడిపినోడు. మనుషులను పెట్టెలో నేల లోపలికి దింపేది, పైకి లాగేది ఆ ఇంజనే. నడిపేవాడికి పెట్టె కనిపించదు. గంట వినిపిస్తే చేయాల, ఎందుకని అడగకూడదు. ఆ పద్ధతే ఊర్లో పెట్టినాడు. రెండు గంటలు కొడితే లైను ఇస్తాడు, ఒకటి కొడితే పీకుతాడు. ఇంటికొక గంట, ఒక్కోదానికి ఒక్కో సద్దు. పాల డైరీలో రైలుపట్టా ముక్క. టీచరమ్మ ఇంట్లో పూజ గంట. మా ఇంట్లో చచ్చిపోయిన ఎద్దుది కంచు గంట.

మా ఇంటామె జయలక్ష్మమ్మకు ఆ ఏడు ఒకటే పట్టు. పాల సంఘంవాళ్ళు ఏటా ఆవుల పోటీ పెడతారు. పిండేటప్పుడు ఏ ఆవు నెమ్మదిగా నిలబడితే దానికి బహుమతి. పోయినసారి ఈమె పుట్టినూరు మాస్తిలో ఉండే వదిన లక్ష్మీదేవమ్మ ఆవు గెలిచింది. గెలిచి ఊరుకోకుండా, "మీ ఆవు నీ మాదిరే జయమ్మా, నిలకడ లేదు" అనింది. మా ఆవు గెలిచేదాకా పుట్టింటి గడప తొక్కను అని ఈమె కూర్చునింది. నాకేమో మాస్తి ఒబ్బట్లు అంటే ప్రాణం.

మా గౌరి గెలిచే ఆవు కాదు. పిండే ప్రతిసారీ తంతుంది. ఆ మాట నేను అనలేదు. నా మొగం చూసి, "నాకు తెలుసు, నువ్వేమీ చెప్పొద్దు" అని ఆమే అనింది.

రోడ్డు లేదు కాబట్టి ఆ సారి పోటీ వీడియోలో. ఆమె గౌరికి నీళ్ళు పోసి, కొమ్ములకు రంగు పూసి, కంచు గంటను చింతపండుతో తళతళ తోమింది. రెండు కొట్టి లైను తీసుకొనింది. ఇంగ గంటతో పనేముంది అని దాన్నే గౌరి మెడకు కట్టింది.

ఫోను గుంజకు కట్టినాము. పోటీ పెద్దలు కనిపించి, మొదలుపెట్టండి అన్నారు. నేను చెంబు పట్టుకొని కూర్చున్నాను. గౌరి తన్నే ముందు తల ఎత్తుతుంది. ఎత్తింది. గంట ఒకసారి మోగింది. ఆ పక్క సొన్నప్ప లైను పీకేసినాడు.

మాకు అది తెలీదు. గౌరి చెంబును తన్నింది, నన్ను తన్నింది, తాడు తెంచుకొని నన్ను పేడదిబ్బ దాకా ఈడ్చుకొని పోయింది. గంట గణగణ మోగతానే ఉండాది. ఎట్లో పట్టుకొని మళ్ళా గుంజ దగ్గరికి తెస్తిమి. జయలక్ష్మమ్మ కొంగుతో కండ్లు తుడుచుకుంటా ఉండాది. ఈగ వాలితే గౌరి తల రెండుసార్లు ఆడించింది. ఫోన్లో పెద్దలు మళ్ళా కనిపించినారు.

"అమ్మా, ఇన్నేండ్లలో ఇంత సాధువును చూడలేదు. చెవి కూడా ఆడించలేదు. మీరిద్దరు కూడా ఉలకలేదు" అన్నాడు పెద్దాయన.

ఇంగొకాయన, మీ ఆయన ఒంటికి అంత పేడ ఎప్పుడు అంటింది అని అడిగినాడు.

"ఆయన ఎప్పుడూ అంతే సామీ" అనింది జయలక్ష్మమ్మ.

గౌరికే మొదటి బహుమతి.

తరవాత సొన్నప్ప వచ్చినాడు. "ఒకటి కొడితే పీకితిని, రెండు కొడితే ఇస్తిని. నడుమలో కొట్టిందేమప్పా? గనిలో అట్లా కొడితే ఇంజను ముట్టకుండా బీడీ ముట్టిస్తాము" అన్నాడు. లైను పీకితే ఫోన్లో బొమ్మ యాడిది ఆడనే నిలబడిపోతుందని అప్పుడు మాకు అర్థమయింది. జయలక్ష్మమ్మ ఆయనకు కాఫీ ఇచ్చి నోరు మూయించింది.

సాయంత్రానికి లక్ష్మీదేవమ్మ కబురు పంపింది. ఆ సాధువును రేపు పిండేటప్పుడు వీడియోలో చూపించాలంట. చూడనీ అని జయలక్ష్మమ్మ గట్టిగా చెప్పి, సంగటి ముట్టకుండా పండుకొనింది.

మర్నాడు పొద్దున నేను గౌరి మెడలో గంట విప్పుకొని, రెండు కొట్టి లైను తీసుకొని, చెంబు ముందర కూర్చున్నాను. ఫోన్లో లక్ష్మీదేవమ్మ కండ్లు పెద్దవి చేసుకొని చూస్తా ఉండాది. గౌరి తల ఎత్తింది. నేను వీపు వెనక ఒక గంట కొట్టినాను.